గోదావరి వశిష్ఠ పాయలో పడవ ప్రయాణం: వంటకి ఏ స్టవ్ మంచిది?

కోనసీమలోని దిండిలో హౌస్‌బోటు తీసుకుంటే వంట బెంగ ఉండదు, అంతా వాళ్లే చూసుకుంటారు. పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే అదే సుఖం. కానీ దారిలో లంక ఒడ్డున ఆగి, అప్పుడే వలలోంచి తీసిన రొయ్యలు కొని మనమే వండుకోవాలంటే చిన్న పడవే కావాలి. మేము పైకప్పు లేని ఇంజను పడవ మాట్లాడుకుని అంతర్వేది దాకా వెళ్లాం.

5 కిలోల చిన్న సిలిండర్ తెద్దామని మా బావగారు అన్నారు. నేను ససేమిరా ఒప్పుకోలేదు. వంటగ్యాస్ గాలి కన్నా బరువు. ఇంట్లో లీకైతే తలుపు తీసి బయటికి పంపించొచ్చు. పడవ అడుగు గిన్నెలా మూసుకుని ఉంటుంది కాబట్టి గ్యాస్ అక్కడే పేరుకుంటుంది. పక్కనే ఇంజను. ఒక్క నిప్పురవ్వ చాలు.

కిరోసిన్ ఆవిరి అంత తేలిగ్గా అంటుకోదు, ఆ విషయంలో అదే నయం. కానీ పంపు స్టవ్‌ని ముందు వేడి చేసి వెలిగించాలి, ఆ సమయంలో మంట ఎగదన్నుతుంది. ఊగే పడవలో అది వద్దు. పైగా కిరోసిన్ ఇప్పుడు వెతుక్కుంటే గానీ దొరకదు. స్పిరిట్ స్టవ్ మంట పగటి వెలుగులో సరిగా కనబడదు, వేడీ తక్కువ. టీకి సరే, అన్నానికి చాలా ఓపిక కావాలి.

చివరికి, మంట పక్కనే బ్యూటేన్ గ్యాస్ డబ్బా అమర్చే పెట్టె లాంటి స్టవ్ తీసుకున్నాం. 220 గ్రాముల డబ్బా పెద్ద మంట మీద గంట, గంటన్నర వస్తుంది. అదీ గ్యాసే కాబట్టి పడవలో అసలు వెలిగించలేదు. ఒడ్డుకి దిగి, గట్టి నేల చూసి వండాం. వంట అవగానే డబ్బా ఊడదీసి నీడలో పెట్టాం. వెడల్పు గిన్నె మాత్రం పెట్టకండి. అంచు డబ్బా మీదికి వస్తే డబ్బా వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే మంట నిలవదు, పొద్దున్నే వండుకోవడం మేలు.

కూరలు, బియ్యం నరసాపురంలో అన్నీ దొరుకుతాయి. బ్యూటేన్ డబ్బాలు మాత్రం ఇంటి దగ్గరే కొనుక్కుని బయలుదేరండి, పల్లె కొట్లని నమ్ముకోవద్దు. రాత్రికి అంతర్వేదిలో గది తీసుకున్నాం, మామూలుగా ఉన్నా శుభ్రంగా ఉంది. మాఘమాసంలో నరసింహస్వామి కల్యాణం రోజుల్లో వెళ్తే గది ముందే మాట్లాడుకోండి. ఆ జనంలో రేవు దగ్గర స్టవ్ వెలిగించే ఆలోచన అసలు పెట్టుకోకండి.