సింథటిక్ ఆయిలా, మామూలు ఆయిలా: మీ కారుకు ఏది మేలు?

కారు సర్వీసుకు వెళ్లిన ప్రతిసారీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. సింథటిక్ పోయించాలా, మామూలు మినరల్ ఆయిల్ చాలా? ధరలో తేడా రెట్టింపు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. షెడ్డు మెకానిక్ ఒక మాట చెబుతాడు, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇంకో మాట చెబుతారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈమధ్య కాలంలో కొన్న కారైతే, ముఖ్యంగా టర్బో (పొగ బలంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని తోసే పరికరం) ఉన్నదైతే సింథటిక్కే పోయించండి. పదిహేనేళ్ల పాత కారై, ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లకు మించి తిరగకపోతే మంచి కంపెనీ మినరల్ ఆయిల్ చాలు. ఈ రెండింటికీ మధ్యన ఉన్న కార్ల విషయంలోనే కాస్త కూర్చుని లెక్క వేసుకోవాలి.

ముందు ఆ డబ్బాల్లో ఏముంటుందో చూద్దాం. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, ఇంజిన్ ఆయిల్‌కు ఆధారమైన నూనెలను అయిదు గ్రూపులుగా విడగొట్టింది. మొదటి రెండూ ముడి చమురును శుద్ధి చేస్తే వచ్చేవి, మినరల్ ఆయిల్ అంటే ఇవే. మూడోది కూడా ముడి చమురు నుంచే వస్తుంది గానీ, హైడ్రోజన్‌తో తీవ్రమైన ఒత్తిడిలో అణువుల స్వరూపాన్నే మారుస్తారు. నాలుగోది పీఏఓ, ఫ్యాక్టరీలో రసాయన చర్యతో అణువులను కూర్చి తయారుచేసేది. ఎస్టర్ల వంటి మిగతావన్నీ అయిదో గ్రూపు. ఒకప్పుడు సింథటిక్ అంటే చివరి రెండే. 1999లో క్యాస్ట్రాల్ ప్రకటనల మీద మొబిల్ ఫిర్యాదు చేస్తే, అమెరికాలో అలాంటి తగవులు చూసే నేషనల్ అడ్వర్టైజింగ్ డివిజన్ మూడో గ్రూపు నూనెనూ సింథటిక్ అని అమ్ముకోవచ్చని తేల్చింది. ఇప్పుడు మన షాపుల్లో దొరికే సింథటిక్‌లో చాలా భాగం ఆ మూడో గ్రూపుదే. అందులో మోసమేమీ లేదు, రోజూ తిరిగే కారుకు అది బాగానే పనిచేస్తుంది.

తేడా కనిపించేది వేడిలో. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, దాని పక్కనే వందల డిగ్రీల వేడిలో పొగ వెళుతుంటుంది. హైవే మీద గంటసేపు గట్టిగా నడిపి, దాబా ముందు ఆపి వెంటనే ఇంజిన్ ఆఫ్ చేస్తే, అక్కడ నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గులా అంటుకుంటుంది. మినరల్ ఆయిల్‌లో ఇది త్వరగా జరుగుతుంది, సింథటిక్ చాలాసేపు తట్టుకుంటుంది. ఆవిరై తరిగిపోవడం, గాలి తగిలి చిక్కబడి మడ్డి కట్టడం కూడా సింథటిక్‌లో తక్కువ. అమెరికాలోని వాహనదారుల సంఘం ఏఏఏ 2017లో రెండు రకాలనూ పరీక్షించి, సింథటిక్ సగటున 47 శాతం మెరుగ్గా ఉందని ప్రకటించింది. అవి ల్యాబ్ పరీక్షలు. ఇంజిన్ ఆయుష్షు 47 శాతం పెరుగుతుందని దానికి అర్థం కాదు.

"మన ఎండలకు పల్చటి ఆయిల్ ఆగదు, చిక్కటిది పోయిస్తే ఇంజిన్ చల్లగా ఉంటుంది" అనే మాట షెడ్లలో తరచూ వినిపిస్తుంది. దీన్ని నమ్మి నష్టపోయేవాళ్లు చాలామంది, అందుకే వివరంగా చెబుతున్నాను. రామగుండంలో బయట 45 డిగ్రీలున్నా, లంబసింగిలో పొగమంచు పడుతున్నా, ఇంజిన్‌లోని కూలెంట్‌ను థర్మోస్టాట్ దాదాపు 90 డిగ్రీల దగ్గరే నిలబెడుతుంది. ఆయిల్ కూడా దానికి అటూఇటూగానో, కాస్త పైనో ఉంటుంది. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే, ఆ 30 అనేది వంద డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనం. కంపెనీ ఆ వేడిని లెక్కలోకి తీసుకునే గ్రేడ్ నిర్ణయించింది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. మనకు మంచు కురవదు కాబట్టి దానితో పనిలేదు అనుకోకండి. తెల్లవారుజామున కారు తీసేటప్పుడు ఇంజిన్ ఇరవై, ఇరవై అయిదు డిగ్రీలే ఉంటుంది. ఆ స్థితిలో ఆయిల్, చలికాలంలో నెయ్యి పేరుకున్నట్టు, వేడెక్కినప్పటి కన్నా చాలా చిక్కగా ఉంటుంది. అది పైదాకా చేరేలోపే అరుగుదల ఎక్కువ జరుగుతుంది. చల్లగా ఉన్నప్పటి చిక్కదనానికీ వేడిగా ఉన్నప్పటి చిక్కదనానికీ తేడా తక్కువగా ఉండటం సింథటిక్‌కు ఉన్న అసలు బలం. చలి దేశాల వాళ్లకు వచ్చినంత లాభం మనకు రాదు, కానీ రోజూ ఉదయం కొంత వస్తూనే ఉంటుంది.

కొత్త పెట్రోల్ కార్ల మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 అని రాసి ఉంటుంది. సాధారణ మినరల్ నూనెతో అంత పల్చటి గ్రేడ్ తయారుకాదు, కాబట్టి అక్కడ ఎంచుకునే అవసరమే లేదు. ఆ ఇంజిన్లలో ఆయిల్ దారులు సన్నగా ఉంటాయి, వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే యంత్రాంగం ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. అందులో 20డబ్ల్యూ-50 పోస్తే మైలేజీ పడిపోతుంది, చెక్ ఇంజిన్ లైటు వెలిగినా ఆశ్చర్యం లేదు. డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, ఉన్న బీఎస్-6 డీజిల్ కార్లకైతే తక్కువ బూడిద మిగిల్చే ఆయిల్, మాన్యువల్‌లో ఏసీఈఏ సీ3 లాంటి యూరప్ ప్రమాణం ఉంటే అదే కావాలి. మామూలు డీజిల్ ఆయిల్ బూడిద ఫిల్టర్‌లో చేరి మెల్లగా పూడ్చేస్తుంది. ఆ ఫిల్టర్ మార్చాలంటే పోయే డబ్బుతో ఎన్నో ఏళ్లు మంచి ఆయిల్ పోయించుకోవచ్చు.

ఇక డబ్బు సంగతి. ధరలు ఊరిని బట్టి, బ్రాండును బట్టి మారతాయి కాబట్టి ఊరికే లెక్క కోసం మినరల్ లీటరు 350, సింథటిక్ 750 అనుకుందాం. కారుకు మూడున్నర లీటర్లు, ఫిల్టరూ కూలీ కలిపి 500. మినరల్‌తో ఒక ఆయిల్ చేంజ్ 1,725 రూపాయలు, సింథటిక్‌తో 3,125. అయిదు వేల కిలోమీటర్లకు ఒకసారి మినరల్ మారిస్తే పది వేలకు 3,450 అవుతుంది. సింథటిక్‌ను పది వేల దాకా ఉంచగలిగితే అదే చవక! అయితే సింథటిక్ పోయించి, మెకానిక్ రమ్మన్నాడని మళ్లీ అయిదు వేలకే మార్పిస్తే ఆ లాభం మొత్తం పోయినట్టే. ఏడాదికి నాలుగు వేలే తిరిగే కారుదీ అదే కథ. కిలోమీటర్లు పూర్తికాకపోయినా ఏడాదికి ఒకసారి రెండిట్లో ఏదైనా మార్చాల్సిందే. ఇంటి నుంచి బజారుకు, బజారు నుంచి ఇంటికి తిరిగే కారులో ఆయిల్ సరిగ్గా వేడెక్కదు, నీటి ఆవిరీ పెట్రోలూ అందులో కలిసిపోతాయి. అలాంటి పాత కారుకు, మాన్యువల్ ఒప్పుకుంటే, అదనంగా 1,400 పెట్టమని నేను చెప్పను. ఏడాదిన్నర ఆలస్యంగా మార్చిన సింథటిక్ కన్నా వేళకు మార్చిన మినరల్ ఆయిల్ వంద రెట్లు నయం.

మినరల్, సింథటిక్ కలిపి చేసే సెమీ సింథటిక్‌లో సింథటిక్ ఎంత శాతమో సాధారణంగా డబ్బా మీద ఉండదు. మాన్యువల్‌లోని గ్రేడూ ప్రమాణమూ సరిపోతే, ఏడెనిమిదేళ్ల కారుకు, ఏడాదికి ఎనిమిది వేల దాకా తిరిగేదానికి అది సబబైన మధ్యస్థం.

ఒకసారి సింథటిక్ పోస్తే మళ్లీ మినరల్‌కు రాకూడదన్న భయం అనవసరం. రెండూ కలుస్తాయి, దారిలో ఆయిల్ తగ్గితే ఏది దొరికితే అది కొద్దిగా పోసుకుని ఇల్లు చేరవచ్చు. సింథటిక్ పోస్తే లీకులు వస్తాయన్న మాటలో మాత్రం కొంత నిజం ఉంది. లక్ష కిలోమీటర్లు దాటిన ఇంజిన్‌లో, ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీల్స్ గట్టిపడి, మడ్డి అడ్డుపడి లీకు ఆగి ఉంటే, కొత్త ఆయిల్ ఆ మడ్డిని కడిగేసినప్పుడు లీకు బయటపడవచ్చు. ఇప్పటికే ఆయిల్ తాగుతూ నీలం పొగ వదిలే ఇంజిన్‌లో ఖరీదైన సింథటిక్ పోయడం దండగ. ముందు పిస్టన్ రింగులూ సీల్సూ చూపించండి.

ఏది కొన్నా డబ్బా మీద మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్‌తోపాటు ఏపీఐ గుర్తును చూడండి. పెట్రోల్ కార్లకు 2020లో వచ్చిన ఎస్‌పీ ప్రమాణం, చిన్న టర్బో ఇంజిన్లలో ఇంధనం వేళకాని వేళ అంటుకుని పిస్టన్లను దెబ్బతీసే సమస్యకు రక్షణ ఇస్తుంది. డబ్బా సీలు మీ ఎదురుగానే తీయించండి. ఖాళీ డబ్బాలో నకిలీ ఆయిల్ నింపి అమ్మేవాళ్లున్నారు కాబట్టి, పని అయ్యాక డబ్బాకు చిల్లు పెట్టించండి. పాత ఆయిల్‌ను కాలవలో పారబోయనివ్వకండి, పాత ఆయిల్ సేకరించేవాళ్లకు ఇచ్చే షెడ్డునే ఎంచుకోండి.