విద్యార్థి మండలికి గూగుల్ ఫారమ్స్: ఓటు వరకు భేష్, ఆ తర్వాతే కష్టం

ఆన్‌లైన్‌లో ప్రశ్నలు అడిగి జవాబులు పోగేసే గూగుల్ ఫారమ్స్ విద్యార్థి మండలి కోసం తయారైంది కాదు. డబ్బు కట్టక్కర్లేదు, ఓట్ల లెక్క తనంతట తానే వేస్తుంది కాబట్టి చాలా బడులు దాన్నే పట్టుకుంటాయి. ఎన్నిక వరకు ఆ నమ్మకం తప్పు కాదు, సెట్టింగులు సరిగ్గా ఉంటే.

ముందు రహస్యం సంగతి. 'కలెక్ట్ ఈమెయిల్ అడ్రసెస్' దగ్గర 'డు నాట్ కలెక్ట్' ఎంచుకోవాలి, 'లిమిట్ టు 1 రెస్పాన్స్' ఆన్‌లో ఉండాలి. అప్పుడు ఒక్కో ఖాతాకు ఒక్క ఓటే పడుతుంది, ఎవరు ఎవరికి వేశారో ఫారమ్‌లో కనబడదు. కాకపోతే ప్రతి విద్యార్థికీ సొంత గూగుల్ ఖాతా కావాలి. ఒకే కంప్యూటర్‌లో ముందు ఓటేసిన పిల్ల లాగౌట్ కాకుండా లేచిపోతే, తర్వాత కూర్చున్న పిల్లాడికి 'మీరు ఇప్పటికే స్పందించారు' అని వస్తుంది. ఖాతాలు లేని చోట ఈ పరిమితిని తీసేసి, లింకు బయటికి ఇవ్వకుండా ఒకే యంత్రాన్ని ఓటింగ్ బూత్‌లా వాడడం మేలు. హాజరు పట్టీలో టిక్ పెట్టి ఒక్కొక్కరినే లోపలికి పంపాలి. చివర్లో టిక్కులూ రెస్పాన్సులూ సమానమో కాదో చూసుకోవాలి.

తరగతికో ఫారమ్ అక్కర్లేదు. మొదటి ప్రశ్నగా తరగతి అడిగి, 'గో టు సెక్షన్ బేస్డ్ ఆన్ ఆన్సర్' పెడితే 7వ తరగతి వాళ్లకు 7వ తరగతి అభ్యర్థులే కనబడతారు. కొంప ముంచేది ఇక్కడే. ప్రతి సెక్షన్ (ఫారమ్‌లో ఒక్కో తరగతికి వేసిన భాగం) చివర 'సబ్మిట్ ఫారమ్' అని మనమే మార్చాలి. మార్చకపోతే ఫారమ్ తర్వాతి సెక్షన్‌కు వెళ్లిపోతుంది, 7వ తరగతి వాళ్లు 8వ తరగతికి కూడా ఓటేసేస్తారు.

పేర్ల వరుసకు 'షఫుల్ ఆప్షన్ ఆర్డర్' తప్పనిసరి. లేకపోతే జాబితాలో పైనున్న పేరుకు ఊరికే లాభం. 'వ్యూ రిజల్ట్స్ సమ్మరీ' ఆఫ్‌లో ఉంచాలి. ఓటేసిన వెంటనే ఫలితాల చార్టులో ఎవరు ముందున్నారో కనబడితే ఆ కబురు వరండా దాటడానికి ఎంతసేపు? పరీక్షగా వేసిన ఓట్లను ఫారమ్‌లో చెరిపితే చాలదు, దానికి కలిపిన గూగుల్ షీట్‌లో (జవాబులు చేరే పట్టికలో) అవి అలాగే ఉండిపోతాయి. అక్కడా చెరపాలి.

ప్రాధాన్య క్రమంలో ఓటు కావాలంటే 'మల్టిపుల్ చాయిస్ గ్రిడ్' ఉంది, పేర్లు వరుసల్లో, ర్యాంకులు కాలమ్‌లలో పెట్టే పట్టిక. 'లిమిట్ టు వన్ రెస్పాన్స్ పర్ కాలమ్' పెడితే ఒకే ర్యాంకు ఇద్దరికి పడదు. అయితే తక్కువ ఓట్లవాళ్లను తప్పించి ఓట్లు బదిలీ చేసే పని మాత్రం ఫారమ్ చేయదు, షీట్‌లో చేత్తో చేసుకోవాల్సిందే. ఫోన్‌లో గ్రిడ్ పక్కకు జరుగుతుంది, చివరి కాలమ్ పిల్లల కంట పడదు. అభ్యర్థులు ఐదుగురు దాటితే వద్దనే మా మాట. చదవడం ఇంకా రాని చిన్న తరగతులకు ఫొటోలు అంటించిన కాగితమే నయం.

సూచనల పెట్టెగా వాడితే దీని గుట్టు బయటపడుతుంది. 1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం పిల్లల అభిప్రాయానికి వయసునూ పరిణతినీ బట్టి తగిన విలువ ఇవ్వమంటుంది. బాలల హక్కుల పరిశోధకురాలు లారా లండీ 2007లో దాన్ని నాలుగు ముక్కలుగా విడదీశారు: చోటు, గొంతు, వినేవారు, ప్రభావం. ఫారమ్ ఇచ్చేది మహా అయితే మొదటి రెండు. పేరు లేకుండా వచ్చిన సూచనకు జవాబు పంపే దారే లేదు. రెండు నెలలు చడీచప్పుడు లేకపోతే పిల్లలు రాయడం మానేస్తారు. పైగా షీట్‌లో ప్రతి జవాబు పక్కనా సమయం పడుతుంది. కంప్యూటర్ గదిలో ఏ తరగతి ఏ గంటకు కూర్చుందో తెలిసినవాళ్లకు రాసిందెవరో ఊహించడం తేలిక.

అందుకే అసలు షీట్‌ను ఒక ఉపాధ్యాయుడికీ ఒక విద్యార్థి కార్యదర్శికీ మాత్రమే తెరిచి ఉంచాలి. సమయం కాలమ్ తీసేసి, వేరే షీట్‌లో ఐదు గళ్లు వేయాలి: సూచన, చర్చించిన తేదీ, నిర్ణయం, కారణం, ఎవరి బాధ్యత. 'కుదరదు' అని రాసిన వరుసలో కారణం గడి ఖాళీగా ఉండకూడదు. దాన్ని ప్రింటు తీసి, సమావేశమైన వారంలోపే నోటీసు బోర్డుకు అంటించాలి.

మా మార్కులు: ఎన్నికకు ఐదులో నాలుగు, సూచనలకు రెండు.