ఉకులేలే కిట్ కొన్నాను: చెక్క పర్లేదు, కొలత కాగితం మాత్రం నమ్మకండి

మా అమ్మాయికి రెడీమేడ్ ఉకులేలే (గిటార్‌లాంటి నాలుగు తీగల బుల్లి వాయిద్యం) కొనిచ్చేస్తే పోయేది. చేత్తో చేసి ఇద్దామన్న సరదా పుట్టి, ఆన్‌లైన్‌లో 1,800 రూపాయలు పెట్టి సొప్రానో అనే చిన్న సైజు కిట్ తెప్పించాను. పెట్టెలో ముందే అంటించేసిన బాస్‌వుడ్ బాడీ, మెడ, ఫ్రెట్లు (స్వరాల మెట్లు) కొట్టేసిన ఫ్రెట్‌బోర్డు, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి, తీగలు బిగించే నాలుగు బిరడాలు, నైలాన్ తీగలు, ఒకే ఒక్క శాండ్‌పేపర్ ముక్క, చిటికెడు జిగురు ట్యూబు ఉన్నాయి. కష్టమైన పని వాళ్లే చేసేశారు కాబట్టి 'నేనే చేశాను' అని చెప్పుకోవడానికి కాస్త సిగ్గే, అందులోనూ పనస మొద్దును తొలిచి వీణ చేసే బొబ్బిలివాళ్ల ముందు అస్సలు అనను.

జిగురు ట్యూబు విప్పేసరికే గడ్డకట్టి ఉంది. ఇంట్లో ఉన్న ఫెవికాల్‌తో మెడ అంటించి, క్లాంపులు లేక పాత సైకిల్ ట్యూబును రిబ్బన్లలా కోసి గట్టిగా చుట్టి ఒక రాత్రి వదిలేశాను. భేషుగ్గా పట్టింది. శాండ్‌పేపర్ 120, 220, 400 నంబర్లు మూడూ హార్డ్‌వేర్ షాపులో విడిగా కొనుక్కోవాల్సి వచ్చింది.

అసలు టెన్షన్ బ్రిడ్జి దగ్గర. నట్ (మెడ పైకొసన తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జి మీద తీగ ఆనే చోటికి 338 మిల్లీమీటర్లు పెట్టమని కిట్‌తో వచ్చిన కొలత కాగితంలో ఉంది. ఎందుకో అనుమానం వచ్చి స్కేలు పెట్టి చూస్తే నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కే 173 ఉంది. పన్నెండో ఫ్రెట్ అంటే తీగకి సరిగ్గా సగం, కాబట్టి అవతల కూడా అంతే ఉండాలి, నొక్కినప్పుడు తీగ సాగి శ్రుతి పెరుగుతుంది కనుక ఇంకో రెండు మిల్లీమీటర్లు కలపాలి, మొత్తం 348. వాళ్లు చెప్పినచోట అంటించి ఉంటే బిరడాలు ఎంత తిప్పినా పైఫ్రెట్లన్నీ అపస్వరమే పలికేవి, ఎండిపోయిన బ్రిడ్జి ఊడదీస్తే పైచెక్క కూడా లేచిపోయేది. బ్రిడ్జి వచ్చే చోట టేపు అంటించి, మిగతాదానికి లక్క పాలిష్ పూశాకే దాన్ని అతికించండి, పాలిష్ మీద జిగురు పట్టదు.

తీగల మీద పేర్లు లేవు. గిటార్ అలవాటు కొద్దీ అన్నిటికన్నా లావుది పైన కట్టేశాను, జి అనే స్వరానికి తెద్దామంటే బిరడా తిరగనంత బిగుసుకుపోయింది. ఉకులేలేలో లావుది రెండోది, సి తీగ. పైనుండే జి సన్నగా ఉండి, సి కన్నా హెచ్చు శ్రుతిలో పలుకుతుంది, దాని గలగలంతా అక్కడే ఉంది. విప్పి మళ్లీ కట్టాను. కొత్త నైలాన్ సాగుతూనే ఉంటుంది, నాలుగు రోజులపాటు పొద్దునా సాయంత్రం శ్రుతి చేయడమే సరిపోయింది. మొదటి ఫ్రెట్ నొక్కితే స్వరం హెచ్చుగా వస్తుంటే నట్ గాడులు సన్న ఆకురాయితో కొంచెం కొంచెంగా దించాను.

నాదం సంగతంటారా, రెడీమేడ్ చవకరకం కన్నా గొప్పగా ఏమీ లేదు, కాస్త మొద్దుగానే ఉంది. 1879లో పోర్చుగల్ దీవి మదీరా నుంచి హవాయిలోని హోనలులుకి ఓడ దిగిన వడ్రంగులు తమ ఊరి బుల్లి వాయిద్యాన్ని అక్కడి కోవా చెక్కతో చేయబట్టి ఉకులేలే పుట్టింది, మన పాలకోవా కాదులెండి. ఆ చెక్క మోతని 1,800కి ఆశించకూడదు.

కొలత తప్పని అమ్మినవాళ్లకి ఫొటో తీసి పంపాను, 'ధన్యవాదాలు సార్' అని వచ్చింది, అంతే. బాడీకి, మెడకి నాలుగు స్టార్లు ఇవ్వచ్చు, ఆ కాగితానికి సున్నా, కలిపి మూడు. మా అమ్మాయికి మాత్రం సౌండ్ హోల్ పక్కన తడి లక్కలో పడిన నా బొటనవేలి ముద్రే నచ్చిందట, రుద్దేస్తానంటే ఒప్పుకోవట్లేదు.