పొక్లెయిన్ సిమ్యులేటర్ ట్రైనింగ్: ఫీజు కట్టేముందు ఇది చదవండి

హనుమకొండలో పొక్లెయిన్, డంపర్ నేర్పే ఒక సెంటర్‌లో మా మేనల్లుడిని చేర్పించాను, పేరు రాయట్లేదు. వాడికి భూపాలపల్లి వైపు బొగ్గు గనుల్లో ఓబీ (బొగ్గు మీది మట్టి, రాయి తీసే) కాంట్రాక్టులో పని కావాలి, నాకేమో మొరం పనులకు తిరిగే సొంత బండి ఉంది, కాబట్టి వాడు ఏం నేర్చుకున్నాడో మా బండి మీదే చూసే వీలు దొరికింది.

సిమ్యులేటర్ అంటే వీడియో గేమ్ అనుకుని వెళ్లేవాళ్లు దాని సీట్లో కూర్చుంటే సైలెంటైపోతారు. ఎదురుగా స్క్రీన్లు, అసలు బండిలో ఉండేలాంటి లివర్లు, పెడల్స్, బకెట్ గట్టి నేలకు తగిలితే సీటు కుదుపుతుంది. ఎడమ లివర్ పక్కకు తోస్తే క్యాబిన్ తిరుగుతుంది, ముందుకూ వెనక్కూ అంటే ఆర్మ్ (బకెట్ తగిలించిన ముందరి చేయి) ఆడుతుంది. కుడి లివర్ వెనక్కి లాగితే బూమ్ (బండికి ఆనుకున్న పెద్ద చేయి) లేస్తుంది, పక్కకు అంటే బకెట్ ముడుచుకుంటుంది లేదా తెరుచుకుంటుంది. చెప్పడం తేలికే, నాలుగూ కలిపి ఒకేసారి ఆడించడమే కష్టం. 20 టన్నుల బండి గంటకు పది లీటర్లకు పైనే డీజిల్ తాగుతుంది, ఆ ఖర్చు పెట్టుకుని కొత్తవాడి చేతికి లివర్ ఏ ఓనరూ ఇవ్వడు. మన దగ్గర ఆపరేటర్ కావాలంటే ఏళ్లకేళ్లు హెల్పర్‌గా గ్రీజు కొడుతూ, ఆపరేటర్ అన్నం తినేటప్పుడు లివర్ పట్టుకోవాల్సిందే కదా.

నాకు బాగా నచ్చింది రిపోర్టు. లోడింగ్ అయ్యాక ఒక్కో బకెట్‌కు ఎన్ని సెకన్లు పట్టింది, ఎంత నిండింది, టిప్పర్ డాలాకు (వెనక తొట్టి పక్క రేకుకు) ఎన్నిసార్లు తగిలింది అన్నీ తెర మీద వస్తాయి. మావాడు బూమ్ పూర్తిగా లేవకముందే స్వింగ్ కొట్టేవాడు, అంటే క్యాబిన్ తిప్పేసేవాడు. ఓపెన్‌కాస్టు (పైనుంచి తవ్వే) గనిలో చేసి రిటైరైన పెద్దాయన అక్కడ ట్రైనర్, "అసలు బండైతే ఈపాటికి డాలా ఊడేది, డ్రైవర్ నిన్ను కొట్టేటోడు బిడ్డా" అని నవ్వేవాడు. బూమ్ కరెంటు తీగలకు తగలడం, ఒడ్డు చివర బండి ఒరగడం కూడా చూపిస్తారు, ఇవి నిజం బండి మీద చేసి చూపించలేరు.

కానీ తెర మీది మట్టి అబద్ధం. వానపడ్డ నల్లరేగడిలో బకెట్ తిరగేసినా సగం మట్టి లోపలే అంటుకుని ఉంటుంది, లివర్ చిన్నగా ఆడించి దులపాలి. సిమ్యులేటర్‌లో ప్రతిసారీ పొడిపొడిగా రాలిపోతుంది. పరకాల దగ్గర చెరువు పనిలో మావాడు బండి ఎక్కినప్పుడు చేతులు బాగానే ఆడాయి, కింద ట్రాక్ మెల్లగా దిగబడుతుంటే మాత్రం తెలియనేలేదు, హెల్పర్ అరిస్తేగానీ ఆగలేదు.

ఇక ఫిర్యాదు. సిమ్యులేటర్ తర్వాత నిజం బండి అన్నారు, తీరా బండి రిపేర్‌లో ఉందని సాగదీశారు. సిమ్యులేటర్ ఒక్కటే, బ్యాచ్ పెద్దది, సగం టైం వెనక నిలబడి చూడటమే. నిజం బండి మీద ఎన్ని గంటలో ముందే కాగితం మీద రాయించుకోండి.

సర్టిఫికెట్ చూపిస్తే సింగరేణి ఓసీలోకి (ఓపెన్‌కాస్టు గనిలోకి) నేరుగా వెళ్లొచ్చన్నట్టు కూడా మాట్లాడతారు, అంత సీన్ లేదు. గని పనికి 1966 నాటి మైన్స్ ఒకేషనల్ ట్రైనింగ్ రూల్స్ ప్రకారం వీటీ (ఒకేషనల్) ట్రైనింగ్ విడిగా ఉంటుంది, పైగా మేనేజర్ రాతపూర్వకంగా అనుమతిస్తేనే మెషిన్ ఎక్కాలి.

ఇప్పటికే జేసీబీ నడుపుతూ పొక్లెయిన్‌కు మారాలనుకునేవాళ్లకు డబ్బు దండగ కాదు. అయిదుకు మూడు ఇస్తున్నా, బండి బాగుచేయిస్తే నాలుగు.