‘కస్టమ్ ట్యూన్’ అని ఫ్యాక్టరీ టేబులే అంటగట్టాడు: ట్రక్కు క్యామ్ మార్చేవారు జాగ్రత్త

ఆ ట్యూనర్ (ఇంజిను కంప్యూటర్‌లోని సెట్టింగులు మార్చేవాడు) ఎవరో డాలస్ చుట్టుపక్కల ట్రక్కులున్న మనవాళ్లకు చెప్పనక్కరలేదు. పేరు రాయను. జరిగింది మాత్రం రాస్తాను.

నాది 2012 సిల్వరాడో, 5.3 లీటర్ల ఇంజిను. ఏఎఫ్ఎం (అవసరం లేనప్పుడు కొన్ని సిలిండర్లను ఆపే ఏర్పాటు) లిఫ్టరు పోయి, వాల్వులను తెరిచే క్యామ్ మీది ఉబ్బును, అంటే లోబును తినేసింది, ఈ బళ్లలో మామూలే. ఎలాగూ విప్పారు కదా అని బయటి కంపెనీ ట్రక్కు క్యామ్, కొత్త లిఫ్టర్లు, స్ప్రింగులు, ఫేజర్ (క్యామ్ కోణాన్ని మార్చే భాగం) మరీ తిరగకుండా ఆపే లిమిటర్ వేయించాను. ఇక మిగిలింది ట్యూన్, అంటే కొత్త క్యామ్‌కు తగ్గట్టు ఇంజిను కంప్యూటర్ సెట్టింగులు మార్చడం. మనవాడే కదా అని 450 డాలర్లు ముందే కట్టేసిన మహానుభావుణ్ణి నేనే.

ఈ ఇంజినుకు ఉన్నది ఒకటే క్యామ్. ఫేజర్ తిప్పితే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వుల టైమింగ్ రెండూ కలిసే జరుగుతాయి. పెద్ద క్యామ్‌ను మరీ వెనక్కి తిప్పితే ఎగ్జాస్ట్ వాల్వు పిస్టనుకు తగులుతుంది. లిమిటర్ దాన్ని 20 డిగ్రీల దగ్గర ఆపేది అందుకే. కంప్యూటర్‌లోని క్యామ్ యాంగిల్ టేబుల్‌ను కూడా ఆ హద్దులోకి కుదించాలి. ఇంజినులోకి వెళ్లే గాలిని లెక్కకట్టేటప్పుడు కంప్యూటర్ క్యామ్ కోణాన్ని కూడా చూస్తుంది కాబట్టి ఆ గాలి లెక్కల వీఈ టేబుల్‌నూ మళ్లీ సరిచేయాలి. నేను డబ్బు కట్టింది సరిగ్గా ఈ పనికే.

ఫైలు ఎక్కించి హైవే మీదికి వెళ్లానో లేదో, క్యామ్ కోణం సరిగా లేదని చెప్పే పీ0011 కోడ్. లాగ్‌లో (నడుస్తున్నప్పటి రికార్డులో) కంప్యూటర్ 27 డిగ్రీలు అడుగుతోంది, క్యామ్ 20 దాటడం లేదు. లాగ్ పంపితే అయ్యగారి తీర్పు: “ట్యూన్ బాగానే ఉంది. మీ మెకానిక్‌కు పని రాదు. ఫేజర్ మార్పించుకుని రండి.” అంటే వాటర్ పంపు, క్రాంక్ పుల్లీ, ముందు కవరు అన్నీ మళ్లీ ఊడదీయాలన్నమాట. ఆయన నోటి మాటకు!

తెలిసిన అన్న ఒకరు హెచ్‌పీ ట్యూనర్స్ అనే ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్‌లో నా పాత ఫ్యాక్టరీ ఫైలును, ఈ ‘కస్టమ్’ ఫైలును పక్కపక్కన పెట్టి పోల్చారు. క్యామ్ యాంగిల్ టేబుల్‌లో ఒక్క గడి మారలేదు. వీఈ టేబుల్ కూడా అంతే. ఏఎఫ్ఎం ఆపాడు, ఐడిల్ పెంచాడు, స్పీడ్ లిమిటర్ తీశాడు. 450 డాలర్ల కళాఖండం పూర్తి!

ఆ స్క్రీన్‌షాట్లు పంపి అడిగాను. డబ్బు అందేదాకా ‘అన్నా, అన్నా’ అన్నవాడు ఏమన్నాడో తెలుసా? “అంత తెలిసినవారు నా దగ్గరికి ఎందుకు వచ్చారండీ?” ఆ వెంటనే బ్లాక్ చేశాడు. డబ్బు సంగతి ఎలా ఉన్నా, ఆ ‘అండీ’ తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. ఇదే ఫైలును ఫేజర్ లిమిటర్ లేని బండికి పంపి ఉంటే? వాల్వులు వంగిపోయాక కూడా మెకానిక్‌కు పని రాదనే అనేవాడు.

కార్డుతో కట్టాను కాబట్టి బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను, చూడాలి. మీరు ఎవరి దగ్గర చేయించుకున్నా లాక్ చేయని, అంటే మనం తెరిచి చూడగలిగే ఫైలు ఇస్తేనే ఒప్పుకోండి, పాత ఫైలుతో పోల్చి చూశాకే బండి తీయండి. లాగ్‌లు కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, పంపుతాను.