తుక్లా టీ హౌస్: స్మారకాల కనుమకు ముందు మజిలీ

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారిలో ఫెరిచే అనే ఊరి నుంచి రెండు మూడు గంటలు నడిస్తే తుక్లా, సుమారు 4,620 మీటర్ల ఎత్తు. ఇక్కడి టీ హౌస్‌లో వెల్లుల్లి సూప్, దాల్ భాత్ తినొచ్చు. మాంసం జోలికి పోవద్దు, కింది నుంచి రోజుల తరబడి మోసుకొచ్చిందే. సీజన్‌లో మధ్యాహ్నం కిటకిటే, పదిన్నరకల్లా చేరండి. పొట్ట పగిలేలా తింటే ఆ పైన 200 మీటర్ల నిట్టనిలువు ఎక్కుడు నరకమే.

ఆ ఎక్కుడు చివర కనుమలో, పర్వతారోహకులకు రాళ్లు పేర్చిన స్మారకాలు: 1996లో పోయిన స్కాట్ ఫిషర్, 2001లో పోయిన బాబు చిరి షెర్పా, ఇంకా ఎందరో. ఖాతా (గౌరవంగా కట్టే కండువా) కట్టాలనుకుంటే కింద నామ్చే ఊళ్లోనే కొనుక్కోండి. గాలి లాగేస్తుంది, రెండు ముళ్లు వేయండి. ఆ రాళ్లెక్కి ఫొటోలు దిగేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. తలనొప్పి మొదలైతే ఎక్కొద్దు. తర్వాతి మజిలీ లొబుచే ఇంకా పైనే, ఫెరిచేకి దిగిపోండి.