భిన్నాల కూడిక: నల్లబల్ల మీదనా, కాగితపు పట్టీలతోనా?

నల్లబల్ల మీద క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) పద్ధతి చెబితే 40 మంది ఉన్న తరగతికి ఒక్క పీరియడ్‌లో పాఠం పూర్తవుతుంది. సిలబస్ తరుముతున్నప్పుడు అది చిన్న సౌలభ్యమేమీ కాదు. అయితే 1/2కు 1/3 కలిపి 2/5 అని రాసిన పిల్లవాడు తన తప్పును ఎర్ర సిరాలోనే చూస్తాడు, మరునాడు చెయ్యెత్తడు.

అదే నలుగురేసి కూర్చుని, ఆరు గడుల పట్టీలో మూడింటికి ఒక రంగు, రెండింటికి మరో రంగు వేస్తే 5/6 కళ్లెదుటే కనిపిస్తుంది. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తక్కువెలా వస్తుందని పక్కనున్న పిల్లే అడుగుతుంది, తప్పు దిద్దుకున్నవాడే లేచి తరగతికి వివరిస్తాడు. గోల తప్పదు, రెండు పీరియడ్లు పడుతుంది, చురుకైనవాడు రంగు పెన్సిలు ఎవరికీ ఇవ్వడు కూడా. అందుకే పనులను వంతులవారీగా మార్చాలి. నా మట్టుకు నేను పట్టీలతో మొదలుపెట్టి, క.సా.గు.ను ఆ తరవాతే నల్లబల్ల మీదికి తెస్తాను.